హెవీవెయిట్లల్ల మా అన్న స్థానం

మా అన్న నౌకరీ నుంచి రిటైరైన నెల చర్చిల కృతజ్ఞత కూడిక పెట్టుకున్నరు. మా దిక్కు పద్ధతేమంటే, పాటలు, ప్రార్థన అయినంక ఇంట్లోళ్లల్ల ఒకరు లేచి ఆ మనిషి జీవిత చరిత్ర చదవాలె. నోటికి చెప్తే కుదరదు, కాగితం మీద రాసుకొని చదవాలె. చనిపోయినోళ్లకు చదివేదీ గట్లనే, బతికున్నోళ్లకు చదివేదీ గట్లనే. కాకపోతే బతికున్నోళ్లు ముందు వరుసల కూసొని వింటరు. చేవెళ్లల ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పేదాన్ని కాబట్టి ఆ పని నా మీద పడ్డది.

పనితోపాటు మా వదిన ఒక వాక్యం కూడ తెచ్చిచ్చింది. "దేశం గర్వించదగ్గ ఆల్ టైమ్ గ్రేట్ హెవీవెయిట్ బాక్సర్." చర్చి గేటు కాడ కట్టే ఫ్లెక్సీ మీద ఇదే వేయిస్తున్నరట. ఫ్లెక్సీల ఒకటి, చరిత్రల ఒకటి ఉంటే చూసెటోళ్లు ఏమనుకుంటరు, నువ్వు కూడ గదే రాయాలె అన్నది.

నేను రాయనన్న.

కుళ్లు అనుకున్నది వదిన. ఆమె తప్పేం లేదు. హిమాయత్‌నగర్‌ల మా అన్న ఇంటికి ఎవరొచ్చినా ముందు టీవీ మీది అద్దాల అల్మారే కనవడ్తది. దాంట్ల రాష్ట్రం మొత్తం మీద హెవీవెయిట్‌ల గెలిచిన బంగారు మెడల్స్ వరుసగ వేలాడుతుంటయి. రాష్ట్రం ఒకటిగ ఉన్నప్పటియి. ఆ మెడల్స్ చూసే స్పోర్ట్స్ కోటాల సర్కారు నౌకరీ ఇచ్చిన్రు. ఆ నౌకరీ చూసే వదినను ఇచ్చిన్రు. ఇన్నేండ్ల సంసారం ఆ అల్మార కింద నడిచింది. దాన్ని తీసిపారేస్తే ఆమెకు కోపం రాదా?

నాకూ మా అన్నకూ బాక్సింగ్ మీద తగువు కొత్తది కాదు. ఆదివారం చర్చి విడిచినంక వాళ్లింట్లనే అన్నం. తిన్నంక ఆయన ఫోన్‌ల పాత ఫైట్లు పెడతడు. ప్రపంచ హెవీవెయిట్లల్ల అందరికంటే పెద్దోడెవరన్నది మా పంచాయితీ. ఆయనకొక చాంపియన్ ఉన్నడు. పేరు రాయను, రాస్తే ఆ చాంపియన్ కోసం పానమిచ్చెటోళ్లు నా మీదికొస్తరు. ఎన్నో ఏండ్లు బెల్టు వదలలేదు, ఎవరొచ్చినా పడగొట్టిండు, ఇంకేం కావాలె అని మా అన్న వాదన.

నా వాదన వేరే. బాక్సర్‌ను చూడొద్దు, ఆయన ముందట నిలబడ్డోళ్లను చూడాలంట నేను. మా అన్న చాంపియన్ ముందు నిలబడ్డోళ్లు ఎవరు? ఒకాయనకు వయసు మళ్లింది. ఒకాయన మోకాలి నొప్పితోని వచ్చిండు. ఇంకొకాయన పొట్ట చూస్తే పైసల కోసం వచ్చిండని చిన్నపోరడైనా చెప్తడు. మంచోళ్లు రిటైరైన సందుల రాజ్యం ఏలినోన్ని గొప్పోడంటే ఎట్ల? ఆయన కంటే ముందటి తరంల, మంచోళ్ల చేతుల రెండు మూడుసార్లు ఓడినోడే నాకు పెద్ద.

"ఉన్నోళ్లతోటే కదనే కొట్లాడేది," అనేటోడు మా అన్న. "లేనోళ్లను ఏడికెల్లి తెస్తడు?"

ఈ మాట అన్నప్పుడల్ల ఆయన గొంతు జర లేస్తుండె. అమెరికాల ఎవరికోసమో నీకింత రోషమెందుకని నేను నవ్వుతుంటి. జీవిత చరిత్ర రాసుడు మొదలువెట్టినంకనే నాకు సమజైంది. ఇన్నేండ్లు మేం కొట్లాడింది అమెరికాయన గురించి కాదు.

సంగతి గిట్లుంటది. మా అన్న పుట్టుకతోని హెవీవెయిట్ కాదు. ఎత్తు మనిషే, కండ ఉన్న మనిషే, కాని హెవీవెయిట్‌కు ఎనభై ఒక్క కిలోలు దాటాలె, ఆయన ఎనభై కాడనే ఆగేటోడు. ఆ బరువుల రాష్ట్రమంత మంచి పోరగాండ్లు మస్తుమంది ఉండిరి, రైల్వేల ఉన్నోళ్లు, బస్తీ క్లబ్బులల్ల చిన్నప్పటి నుంచి నేర్చుకున్నోళ్లు. ఒక్కొక్క టోర్నమెంట్‌ల నాలుగైదు ఫైట్లు గెలిస్తే గాని మెడల్ లేదు. పైన హెవీవెయిట్‌ల ఎవరుండిరి? మన తిండికి, మన ఒడ్డుపొడుగుకు ఆ బరువు మనుషులు తక్కువ. ఒకోసారి ఇద్దరు పేర్లిస్తే అదే ఫైనల్. ఇంకొకసారి అవతలోడు రాకపాయె, వాకోవర్. గ్లౌజులు తొడుక్కొని రింగుల నిలబడ్తే రెఫరీ చెయ్యి లేపుతడు, మెడల్ మెడల పడ్తది.

ఈ లెక్క కనిపెట్టింది మా బాపు. కూరగాయలు పండించి మార్కెట్‌కు ఏసే మనిషి, ఏ పంటకు ఏడ గిరాకీ ఉన్నదో బాగ తెల్సు. కొడుక్కు కూడ గట్లనే జాగ చూసిండు. టోర్నమెంట్ పొద్దున బరువు తూసే ముందు మా అన్నతోని అరటిపండ్లు తినిపిస్తుండె, మీదికెల్లి చెంబుల కొద్ది నీళ్లు తాపిస్తుండె. కడుపు పట్టుకొని కాటా ఎక్కుతుండె మా అన్న. కాటా దిగినంక గోడ పక్కకు పోయి కక్కుతుండె. పక్కన టవాల పట్టుకొని నిలబడేది నేనే. అప్పుడు నాకు అది తమాష.

నేను రాసిన చరిత్రల ఇదంత పెట్టిన. తప్పని పెట్టలేదు. ఇల్లు గడువాలంటే నౌకరీ కావాలె, నౌకరీకి మెడల్ కావాలె, నియమాల ప్రకారమే ఆడిండు. కాని గొప్ప బాక్సర్ అంటే మటుకు కాదు. ఆ మాట రాయలేదు, దాని బదులు ఉన్నది రాసిన.

కూడికకు రెండు రోజుల ముందు అన్న చేవెళ్లకు మా ఇంటికొచ్చిండు. ఏం రాసినవో చదువు అన్నడు. చదివిన. అరటిపండ్ల కాడ నవ్విండు. వాకోవర్ల కాడ నవ్వు ఆగింది.

చిన్నోడు పెద్దోళ్లల్లకు పోయి కొట్లాడితే దాన్ని ధైర్యమంటరు తెలుసా అన్నడు. పెద్దోళ్లు ఉంటే కదన్నా అని నేనన్న.

"నలభై ఏండ్ల నుంచి మనోళ్లందరు నన్ను హెవీవెయిట్ అంటున్నరు. నువ్వొక్కదానివే అనవు. ఎందుకే?"

"నువ్వు హెవీవెయిట్‌వి కాదు కాబట్టి."

"అందరి ముంగట గిట్ల చదువుతవా?"

చదవొద్దంటే వేరేటోళ్లతోని రాయించుకో, నేను రాస్తే గిదే రాస్త అన్న. నా మాట కరుకే. ఆయనకు అలవాటే. కాని ఈసారి ఫోన్‌ల ఫైట్ కాదు కదా. ఆయన చాయ్ ముట్టుకోలేదు. ఎవరో పాత బాక్సర్ గురించి నేనేమన్నా ఆయన ఆదివారం మళ్ల ప్లేటు ముందు కూసుంటడు. ఈ కాగితం చదివినంక ఆయన చర్చిల తల ఎత్తుకొని కూసుంటడా అన్నది ఆయనకు ఫికర్. లేవబోయేటప్పుడు అన్నడు, గన్ని రాసినప్పుడు ఆ మిల్ట్రీ ఆయన ఫైట్ కూడ రాయి మరి.

అది ఇంట్ల అందరికి తెలిసిన ముచ్చటే. ఒక ఏడు నాకు పరీక్షలుండి పోలేదు, ఆ ఫైనల్‌కు మిల్ట్రీల పనిచేసే అసలైన హెవీవెయిట్ వచ్చిండు. తలుపు నిండ పట్టే మనిషి. సిల్వర్ ఎట్లనన్న వస్తది, దెబ్బలు తినుడెందుకు, కడుపు నొప్పని చెప్పి తప్పుకో అన్నడు మా బాపు. మా అన్న వినలేదు, రింగు ఎక్కిండు. మూడు రౌండ్లు కడదాక నిలబడ్డడు, పాయింట్ల మీద ఓడిండు. బాపు బతికున్నన్ని దినాలు పెండ్లిలకు పోయినా, సావులకు పోయినా ఈ కథ చెప్పిండు. నేను దాన్ని చివర్ల చేర్చిన. ఆయన మెడల్స్ అన్నిటి కంటే ఈ ఓటమి పెద్దదని కూడ రాసిన. నిజంగనే అట్లనుకొని రాసిన.

కూడిక రోజు గేటు కాడ ఫ్లెక్సీ కట్టే ఉన్నది, ఆల్ టైమ్ గ్రేట్ అని. ఆ మాట కింద మా అన్న పాత ఫోటో, చేతులకు గ్లౌజులు. నేను లేచి చదివిన. అరటిపండ్ల కాడ వెనక బెంచీల ఆడోళ్లు మొకాలకు కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన్రు. వాకోవర్లు అంటే ఏందో అర్థమైనంక అందరు ముందు వరుసల ఉన్న మా అన్న దిక్కు చూసిన్రు. వదిన బైబిల్‌ల ఏదో వెతుకుతున్నట్టు వంగింది. మిల్ట్రీ ఆయన ముచ్చట కాడికి వచ్చి, కడదాక నిలబడ్డడని చదివి కూసున్న. పాస్టర్ అయ్యగారు ఏమనాల్నో తోచక ఆమెన్ అన్నడు.

ఆ తర్వాత ఎవరికోసం కూడిక పెట్టిన్రో ఆ మనిషి సాక్ష్యం చెప్పాలె. మా అన్న లేచిండు. దేవునికి వందనాలు చెప్పిండు. ఇగ నన్ను దులుపుతడని అందరు నా దిక్కు చూసిన్రు, నేను కూడ తయారుగనే ఉన్న.

"మా చెల్లె రాసిందాంట్ల ఒక తప్పున్నది," అన్నడు. "కడదాక నేను నిలబడలే. రెండో రౌండ్ల పడ్డ, లేచిన. మూడో రౌండ్ల మళ్ల పడ్డ. మళ్ల లేచిన గాని, రెఫరీ నా కండ్లల్లకు చూసి ఫైట్ ఆపేసిండు. మా బాపు అదంత చూసిండు. బయట చెప్పుకోను ఆయనకు మనసు రాలే. బాపు చెప్పినంక నేను గూడ కాదనలే. గంతే. మిగిలినయన్ని ఆమె రాసినట్టే."

కూసున్నడు. అయ్యగారు ఈసారి ఆమెన్ అనలేదు, పాట ఎత్తుకున్నడు.

ముప్పై ఏండ్ల నుంచి చాంపియన్ల తప్పులు పట్టిన మనిషిని, మా అన్నకు మటుకు సగంల ఆగిన రౌండ్ పూర్తయినట్టు రాసినన్న మాట. సాక్షి ఎవరో ముందు చూడాలని పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, ఈ ఫైట్‌కు సాక్షి కొట్లాడినోని తండ్రేనన్నది చూడలేదు.

భోజనాలు చర్చి వెనక షామియానల. బగార అన్నం, మటన్. వదిన నా ప్లేటుల కూర ఏసుకుంట, "కడుపు సల్లగైందా మేడం?" అని పోయింది. తర్వాత అన్న వచ్చి పక్క కుర్చీల కూసున్నడు. నా కాగితం తీసుకొని, పెన్ను అడిగి, కడదాక నిలబడ్డడన్న వాక్యం కొట్టేసి, ఆపేసిన్రు అని రాసిండు. అక్షరాలు ఎప్పటిలెక్కనే వంకరగ ఉన్నయి.

"ఇప్పుడు చెప్పు. నన్ను ఏడ పెడతవ్?"

"గొప్పోళ్లల్ల పెట్టను."

"గది ఎర్కే. ఏడ పెడతవో చెప్పు."

నేను ఆలోచించిన. ఆయనకు నచ్చేది చెప్పి తప్పించుకునుడు నాకు రాదు, ఆయనకూ అది అక్కర లేదు.

"ఆ రోజు రింగుల ఇద్దరు హెవీవెయిట్లు ఉన్నరు," అన్న. "నువ్వు రెండోడివి."

చేతుల బొక్క నమిలి ప్లేటుల పెట్టిండు.

"ఇద్దరన్నవా?"

"ఇద్దరనే అన్న."

మటన్ ఇంకొంచెం ఏయమని వదినను పిలిచిండు.