గంజి దిగని తువాలు

గుడ్‌ఫ్రైడేకు ముందురోజు సాయంత్రం మా గుడియాత్తం సంఘంలో పాదాలు కడిగే ఆరాధన ఉంటుంది. పన్నెండు మంది పెద్దలు కుర్చీల్లో కూర్చుంటారు. పాస్టరు అయ్యగారు మోకరించి వాళ్ళ కాళ్ళు కడుగుతారు. వెనకే ఒకడు తువాలుతో తుడుస్తూ పోతాడు. సంఘం మొత్తంలో అంతకంటే తక్కువ పని లేదు. అందుకే దానికి అంత పోటీ.

నాలుగేళ్ళు కాచుకున్నాను. జోలార్పేటలో రైల్వే పని చేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఆ తువాలు వదిలేవారు కాదు. ఆయన వంగితే నుదురు నేలకు తగిలేది. ఈసారి మోకాలు మొరాయించింది. అయ్యగారు నన్ను పిలిచి, "మేస్త్రీ, ఈ తూరి బాగా చేస్తే ఏటా నీకే," అన్నారు.

మాది మగ్గాల ఊరు, తువాళ్ళకు కొదవ లేదు. తగ్గింపు మనసుతో చేసే పనికి తువాలు కొనబోయి, తగ్గింపు ధర కోసం అరగంట వాదించాను. మెరూన్ రంగుది దొరికింది. ఎంత గంజి పట్టించారో, నిలబెడితే నిలబడింది. వంగడం దానికీ అలవాటు లేదు.

"ఏమయ్యా, కొత్త గుడ్డ నీళ్ళు పీల్చదు. ఇట్లియ్యి, ఉతికిస్తా," అంది నా భార్య.

"వద్దే, మడత పోతాది."

"మడత ఎవురికి చూపించాలని?"

సాధన చేసుకుంటాను, కాస్త కూర్చో అన్నాను.

"ఇరవై ఏండ్లలో నా కాళ్ళు ఎట్లుండాయో చూసినావా నువ్వు? ఇప్పుడు రిహార్సలుకు కావాల్నా?"

చివరికి స్టూలు కాళ్ళు తుడిచాను. నాలుగు కాళ్ళు కాబట్టి సాధన రెట్టింపు అయింది.

గురువారం పెద్దలందరూ ఇంట్లోనే సబ్బుతో కాళ్ళు తోముకుని వచ్చారు. ఒకాయన వేలూరు పోయి పార్లర్లో గోళ్ళు కూడా తీయించుకున్నాడు. కడగడానికి మురికన్నదే లేదు. పన్నెండో కుర్చీ మాత్రం ఖాళీ, కాట్పాడి నుంచి రావలసిన ఆయనకు రైలు తప్పింది.

అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తూ కడుగుతున్నారు. నేను తుడుస్తున్నాను. నీళ్ళు పోవు, పక్కకు జరుగుతున్నాయి. గోడకు పూత రుద్దినట్టు బలంగా రుద్దాను. అప్పుడు దిగింది. నీళ్ళు కాదు, రంగు.

మొదటాయన పాదాలు పెళ్ళికూతురికి పారాణి పెట్టినట్టు ఎర్రబడ్డాయి. ఆపితే తువాలు పోతుందని ఆపలేదు. రెండో ఆయనకూ పారాణే. మూడో ఆయన కిందికి చూసి గుసగుసగా, "ఏందప్పా, ఈ వయసులో నాకు పెండ్లి చేస్తాండావా?" అన్నాడు.

అయ్యగారు కళ్ళు తెరిచారు. వరసగా ఆరు ఎర్రటి పాదాలు.

"మేస్త్రీ, వేరే గుడ్డ ఉండాదా?"

వెనక నుంచి ఒక అవ్వ లేచింది. నా పనుల్లో పదిహేనేళ్ళుగా సిమెంటు తట్టలు మోసే మనిషి. శనివారాలు మందిరం ఊడ్చేదీ ఆమే. ఆ పనికి ఎవరూ పోటీ రాలేదు. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది. నెత్తిన తట్ట కింద చుట్టకుదురుగా పెట్టుకునే పాత తువాలు విప్పి నా చేతికిచ్చింది.

"పొద్దున ఉతికిందే, నాయనా."

అది తాకగానే నీళ్ళు మాయం. మిగతా ఎనిమిది మందీ ఏ రంగూ లేకుండా బయటపడ్డారు.

అయ్యగారు ఖాళీ కుర్చీ చూపించి, "అమ్మా, నువ్వు కూర్చో," అన్నారు.

"వద్దయ్యా, నా కాళ్ళు పెడితే నీళ్ళు పాడైపోతాయి."

"దానికే కదమ్మా నీళ్ళు."

ఆమె మడమల పగుళ్ళలో సిమెంటు. అందులో నా చేతి పని ఎంతో నాకే తెలుసు. ఆమె తువాలుతోనే ఆమె కాళ్ళు తుడిచాను. ఆ సాయంత్రం నిజంగా మురికి వదిలింది ఆ రెండు పాదాలకే. మరునాడు గుడ్‌ఫ్రైడే ఆరాధనలో, చెప్పులు బయట విడిచి, మొదటి వరసలో ముగ్గురు పెద్దలు ఎర్రటి పాదాలతో మూడు గంటలు కూర్చున్నారు.

ఆరాధన అయ్యాక అయ్యగారు తీర్పు చెప్పారు: "వచ్చే ఏడు కూడా నువ్వే పట్టు. గుడ్డ మాత్రం మెత్తగా ఉండాల."

సోమవారం పని దగ్గర అవ్వకు మెరూన్ తువాలు చూపించి అడిగాను, ఎట్లా మెత్తబడుతుందని.

"ఉతికితే రంగు పోతాది. నెత్తిన పెట్టుకుని ఒక ఏడాది తట్ట మోస్తే మెత్తబడతాది, నాయనా."

"అయితే నువ్వే మొయ్యి, అవ్వా."

"నాకు నాది ఉండాదే. అది నీది."

మేస్త్రీనయ్యాక నేను తట్ట ఎత్తి పదిహేనేళ్ళు దాటింది. మెరూన్ తువాలు చుట్టి నెత్తిన పెట్టుకున్నాను. కూలీలు పని ఆపి చూశారు. రెండో తట్టకే చెమట పట్టి, రంగు నుదుటి మీదుగా ముక్కు దాకా కారింది.

"పారాణి పైకెక్కిందే!" అని నవ్వింది అవ్వ. మూడో తట్ట నింపి ఎత్తింది.