రెండు ఈనెపుల్లల కట్టలు

పిన్ని పోయిందన్న సంగతి నాకు ఆవకాయ జాడీతో పాటు అందింది. బహ్రెయిన్‌లో, నయీమ్ పేటలో మేము శుక్రవారం పూజ చేసుకునే గదిలో, సెలవు మీద ఊరు వెళ్ళి వచ్చిన ఒకావిడ తను మోసుకొచ్చిన సామాను ఎవరిది వాళ్ళకి పంచుతోంది. నా జాడీకి కట్టిన గుడ్డ సరిచేస్తూ, "మీ పిన్నిగారు పోయారండి. పదకొండో రోజు కూడా అయ్యాకే నేను బయల్దేరాను" అంది. తరవాత పాత పేపరులో చుట్టిన పొడుగాటి కట్ట ఒకటి నా ఒళ్ళో పెట్టింది. "ఇది బాగున్నప్పుడే ఇచ్చారు, మీకిమ్మని. ఎందుకండీ అనడిగితే ‘దానికి తెలుసులే’ అన్నారు."

విప్పి చూశాను. కొబ్బరి ఈనెలు. నున్నగా గీకి, అన్నీ ఒక్క పొడుగున కత్తిరించి, కొబ్బరి పీచుతో కట్టినవి. గదిలో పదిమంది ఆడవాళ్ళున్నారు. అందరికీ పిన్ని తెలుసు. ఒకరిద్దరు "అయ్యో" అన్నారు. పులిహోర చల్లారిపోతోందని ఇంకెవరో అన్నారు. అందరూ అటు తిరిగారు.

పిన్ని నాకు చుట్టం కాదు. మాది రాజోలు పక్క, ఆమెది పాలకొల్లు అవతల. మధ్యలో గోదావరి పాయ ఒక్కటే. అయినా మేము కలిసింది ఈ బహ్రెయిన్‌లోనే. కువైట్ యుద్ధం అయిన మరుసటి ఏడాది నేను ఈ ఇంటికి పనికి వచ్చాను. అప్పటికి ఆమె ఇక్కడ వంటమనిషి. నాకు నలభై దాటాయి, ఆమెకి అరవై దగ్గర. అయినా ఆమె నన్ను "అమ్మాయ్" అనే పిలిచేది.

మా యజమాని ఇక్కడివాడు. ఆయన భార్యది మలేషియా. ఆవిడని మేము మామా అంటాం. మామాకి పుట్టిల్లు గుర్తొచ్చినప్పుడల్లా ఒకటే కోరిక, సాతే. గొడ్డుమాంసం సన్నగా కోసి, మసాలా పట్టించి, పుల్లలకి గుచ్చి, బొగ్గుల మీద కాలుస్తారు. ప్రతి గురువారం సాయంత్రం ఆడబడుచులూ స్నేహితులూ వచ్చేవారు. వాళ్ళకి అది ఉండాల్సిందే.

నేను వచ్చిన మొదటి గురువారం మామా ఒక బేసిన్ నా ముందు పెట్టింది. "యల్లా, గుచ్చు" అంది. రంగు చూడగానే అది ఏ మాంసమో తెలిసింది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడిపోయాను. చెయ్యనంటే మళ్ళీ ఏజెంటు దగ్గరికి, అక్కణ్ణుంచి ఊరికి. చేస్తే ఈ చేతులతో మళ్ళీ దీపం ఎలా పెట్టను?

పిన్ని తల ఎత్తకుండానే, తనకొచ్చిన అరబ్బీలో, "దీనికి చేతికి గజ్జి మామా. మాంసం ముడితే అందరికీ అంటుకుంటుంది" అంది.

మామా రెండడుగులు వెనక్కి వేసింది. "ఖలాస్, ఖలాస్. ముట్టనివ్వకు."

మామా లోపలికి వెళ్ళాక పిన్ని నావైపు చూసింది. "ఏమే అమ్మాయ్, గుడ్డ ముక్క ఉందా? చేతికి చుట్టుకో. గురువారం గురువారం నీకు గజ్జి రావాలి. మర్చిపోకు."

"దేవుడు నిజంగానే తెప్పిస్తాడేమో పిన్నీ."

"తెప్పిస్తే వేపాకు రాసుకుందువులే. ముందు గుడ్డ కట్టు."

"మరి నువ్వు?"

"నేను ఎలాగూ మునిగే ఉన్నాను. ఇద్దరం మునిగితే దీపం ఎవరు పెడతారు? నువ్వు ఒడ్డునుండు. నీ దీపంలో నా పేరు మీద ఓ చుక్క నూనె వెయ్యి, చాలు."

అలా అయిదేళ్ళు. ప్రతి గురువారం మధ్యాహ్నం నేను కుడిచేతికి పాత చీర పేలిక చుట్టుకునేదాన్ని. పిన్ని ఒక్కతే ఆ పనంతా చేసేది. నాలుగడుగుల దూరంలో కూర్చుని వేరుశనగ గుళ్ళు వేయించి దంచడం, దోసకాయ, ఉల్లిపాయ తరగడం నా వంతు.

దూరం నుంచి చూసి చూసి నాకు ఆ పద్ధతంతా వచ్చేసింది. మాంసం సగం గడ్డ కట్టి ఉండగానే కొయ్యాలి, అప్పుడే పల్చగా తెగుతుంది. పీచు ఎటు ఉందో చూసి దానికి అడ్డంగా కొయ్యాలి, లేకపోతే తోలు నమిలినట్టుంటుంది. ధనియాలు, జీలకర్ర, పచ్చిపసుపు, నిమ్మగడ్డి మొదళ్ళు, తాటిబెల్లం నూరి, ముందురోజే పట్టించి ఉంచాలి. ఇంకో దుంప కూడా వేసేవారు. మామా దానికి ఏదో పేరు చెప్పేది. పిన్ని మొదటిరోజే ముక్కు దగ్గర పెట్టుకుని, "ఓసి, ఇది మన దుంపరాష్ట్రమే. మా అమ్మ దగ్గుకి నూరి ఇచ్చేది" అంది. పుల్లకి ముక్కలు దగ్గరగా గుచ్చాలి, మధ్యలో ఒక్క కొవ్వు ముక్క ఉండాలి. బొగ్గులు మండకూడదు, పైన తెల్ల బూడిద కట్టాలి. నిమ్మగడ్డి కాడ ఒక కొస చితక్కొట్టి కుంచెలా చేసుకుని, కొబ్బరినూనెలో ముంచి రాస్తూ, మాడకుండా తిప్పుతూ ఉండాలి. నేను దంచిన గుళ్ళలో ఎండుమిరప, చింతపండు, కొబ్బరిపాలు కలిపి కాస్తే నంజుకునే పులుసు తయారు.

పిన్ని దాన్ని ఎన్నడూ నోట పెట్టలేదు. ఉప్పు చాలిందా అని మామా అడిగితే ఒక పుల్ల పట్టుకెళ్ళి డ్రైవరుకి ఇచ్చేది. "ఆ భాయ్ నాలుకే నా నాలుక" అనేది. ఆయన తల ఆడిస్తే సరే.

ఇంత చేసిన మనిషి పట్ల నేను ఎలా ఉన్నానో కూడా చెప్పాలి. ఆమె తెల్లవారే స్నానం చేసి, ఇంకేదీ ముట్టకముందు, వేరే గిన్నెలో నాకోసం పప్పు వండేది. నేను తినేదాన్ని. కానీ నా కంచం, నా గ్లాసు పై అరలో విడిగా పెట్టుకునేదాన్ని. దేవుడి పటం ఉన్న మూలకి ఆమె వస్తుంటే కాస్త అడ్డంగా జరిగేదాన్ని. తను చూసేది. ఆ మూలకి రావడం తనే మానేసింది.

ఇక ఈనెల సంగతి. పిన్ని ఊరినుంచి వచ్చేటప్పుడు ఒక కట్ట తెచ్చుకుంది, శుక్రవారం ప్రసాదానికి విస్తళ్ళు కుట్టడానికి. ఇక్కడ వీధుల్లో బాదం చెట్లుంటాయి. రాలిన పెద్ద ఆకులు ఏరి, కడిగి, ఈనెపుల్లలతో చిన్న చిన్న విస్తళ్ళు కుట్టేది. నయీమ్ గదిలో అందరూ వాటిలోనే ప్రసాదం తినేవారు. వారమంతటిలో ఆమె కాళ్ళు చాపుకుని, తన భాషలో నవ్వే చోటు ఆ గది ఒక్కటే.

ఒకరోజు మామా ఆ కట్ట చూసి పొంగిపోయింది. వాళ్ళ అమ్మ ఇంట్లో సాతే గుచ్చేది కొబ్బరి ఈనెలకేనట. దుకాణంలో దొరికే వెదురు పుల్లలకి ఆ రుచి రాదట. అడక్కుండానే సగం తీసుకెళ్ళిపోయింది. పిన్ని ఆ పూట అన్నం తినలేదు. తరవాత ఊరినుంచి వచ్చేవాళ్ళ చేత రెండేసి కట్టలు తెప్పించేది. ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి పసుపుదారం. ఎర్రది వంటింట్లో ఉండేది. పసుపుది ఆమె పెట్టెలో, చీరల అడుగున, తెల్ల గుడ్డలో. మాంసం పని అయ్యాక ఆ పసుపుదారం కట్టను ఏనాడూ ముట్టుకోలేదు. మర్నాడు తలమీద నీళ్ళు పోసుకున్నాకే తీసేది. ఇది నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు.

ఆ శుక్రవారం శ్రావణంలోది. గది నిండా జనం. ఆ గది ఒక దర్జీగారిది, ఆయన భార్యే మా అందరికీ పెద్ద. ఆవిడ విస్తరి ఒకటి ఎత్తి చూసి మెచ్చుకుంది. "ఎంత బాగా కుట్టారండీ పిన్నిగారూ. ఈ ఎడారిలో మీకు ఈనెలు ఎక్కడివి?"

పిన్ని జవాబు చెప్పేలోగా నేను నోరు తెరిచాను. మామూలుగా నేను నలుగురిలో మాట్లాడను. ఆరోజు ఎందుకో మా ఇంటి గొప్ప చెప్పుకోవాలనిపించింది. "మా ఇంట్లో కట్టలు కట్టలుంటాయండి. గురువారం సాతే గుచ్చడానికి మామా తెప్పిస్తుంది" అన్నాను.

"సాతే అంటే?"

"మాంసం అండి. పుల్లలకి గుచ్చి కాలుస్తారు."

"ఏ మాంసం?"

నేను ఆగాను. ఆ ఆగడమే జవాబైపోయింది. దర్జీగారి భార్య చేతిలోని విస్తరి కింద పెట్టేసింది. "ఎవరు గుచ్చుతారు?" అంది నన్నే చూస్తూ.

"నేను ముట్టుకోనండి" అన్నాను.

ఒక్కమాట చాలు అప్పుడు. ఇవి వేరే కట్ట అండి అంటే చాలు. నేను ముట్టుకోకుండా ఉన్నది ఎవరి వల్లో చెబితే ఇంకా చాలు. నాలుక కదల్లేదు. ఇంకో ప్రశ్న అడుగుతారేమో, నా కంచం కూడా పక్కన పెడతారేమో అని భయం. ఈ గది పోతే నాకూ ఇంకెక్కడా చోటు లేదు.

"మాకు తెలియక ఎన్నాళ్ళు తిన్నామో" అంది ఒకావిడ. "శ్రావణమాసంలోనండీ" అంది ఇంకొకావిడ.

పిన్ని నెమ్మదిగా లేచింది. విస్తళ్ళన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చుకుంది. "ఆకులు ఎండిపోయాయమ్మా, ముక్కలవుతాయి. ప్రసాదం చేతుల్లో పెట్టెయ్యండి" అంది. తన తప్పేదో ఆకుల మీదకి నెట్టినట్టు. నేను చేసిన దాన్ని కూడా ఆ ఆకుల కిందే దాచింది. ప్రసాదం పుచ్చుకోకుండానే చెప్పులు వేసుకుంది.

దారిలో నేను, "పిన్నీ, అది కాదు..." అన్నాను.

"ఎండగా ఉంది, నడు" అంది.

తరవాత ఆమె నయీమ్ రాలేదు. "మోకాళ్ళే అమ్మాయ్, మెట్లెక్కలేను" అనేది. నాచేత కర్పూరం పంపేది, వచ్చేటప్పుడు కాస్త కుంకం తెమ్మనేది. కొన్నాళ్ళు తెచ్చాను. కొన్ని వారాలు మర్చిపోయాను. "మర్చిపోయావా, ఫర్వాలేదులే" అనేది. అయినా మళ్ళీ గురువారం వచ్చేసరికి నా బదులు ఆమే గుచ్చేది.

బొగ్గుల పొగ ఆమె గుండెల్లో పేరుకుపోయింది. దగ్గు ఎక్కువై, రెండు పుల్లలు తిప్పేసరికి ఆయాసం వచ్చేది. ఏడాదిన్నర కిందట మామా ఆమెని ఊరికి పంపేసింది. విమానం ఎక్కే రోజు కూడా పిన్ని నాకు అప్పగింతలు చెప్పింది. పప్పు గిన్నె ఏదో, దాన్ని దేనితో తోమాలో.

ఆ తరవాతి గురువారం మామా బేసిన్ పట్టుకొచ్చి, "నీ గజ్జి తగ్గిందా?" అని అడిగింది. నాకోసం అబద్ధం చెప్పడానికి ఎవరూ లేరు. "తగ్గింది మామా" అన్నాను. గుడ్డ విప్పాను.

అప్పటినుంచి ఆ మాంసం కోసేది, గుచ్చేది, కాల్చేది నేను. మర్నాడు తలంటుకుని నయీమ్ వెళుతున్నాను, దీపం పెడుతున్నాను, ప్రసాదం వండుతున్నాను. నన్ను ఎవరూ అడగలేదు. ఎంత కడిగినా చేతులకి నిమ్మగడ్డి వాసన పోదు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఏం సబ్బండీ వాడతారు?" అంది. ఏదో పేరు చెప్పాను.

ఇది ఇప్పుడు చెబుతున్నాను. ఈ కాగితం నయీమ్ గదిలో కూడా చదువుతారని తెలిసే రాస్తున్నాను. మీరు ప్రసాదం తిన్న పిన్ని విస్తళ్ళు శుభ్రమైన ఈనెలతో కుట్టినవి. ఏడాదిన్నరగా మీరు తింటున్నది నా చేతి వంట. పిన్నికి చేసిందే నాకూ చెయ్యండి. నేను ఏమీ అనను. ఆలస్యమైంది, అంతే. ఇది వినవలసిన మనిషి లేదు.

ఆమె పంపిన కట్ట నా పెట్టె మీద ఉంది. దానికి ఎర్రదారమూ లేదు, పసుపుదారమూ లేదు. ఆకులకి పంపిందో, మాంసానికి పంపిందో నాకు తెలియదు. "దానికి తెలుసులే" అందట.

రెండు కట్టలు ఒకటైన రోజు మాత్రం తెలుసు. ఆ శ్రావణ శుక్రవారం తరవాతి గురువారం. పిన్ని పెరట్లో కూర్చుని, వెనక్కి తెచ్చుకున్న విస్తళ్ళలోంచి ఈనెలు ఒక్కొక్కటే లాగి తీసింది. పెట్టెలోంచి పసుపు కట్ట తెచ్చి, దారం విప్పి, అన్నిటినీ ఎర్ర కట్టలో కలిపేసింది. "ఇంక వేరేగా ఎందుకే" అంది. నేను పక్కనే ఉన్నాను. నా చేతి గుడ్డ వదులై జారిపోతోంది. మామా వచ్చే వేళయింది.

"ఇలా రా, ఊడిపోతే దొరికిపోతావు" అంది పిన్ని. ఆ పసుపుదారం నా గుడ్డ మీద మూడు చుట్లు చుట్టి ముడి వేసింది. ఆమె వేళ్ళు తడిగా ఉన్నాయి. మాంసం కోసిన చెయ్యి కడుక్కుని వచ్చిందా లేదా అని నేను ఆ వేళ్ళవైపు చూశాను. నేను చూడడం ఆమె చూసింది. చూసి, ముడి ఇంకొంచెం బిగించింది.