మా షోరూమ్‌కి వచ్చిన దొంగ కస్టమర్

నా నెత్తి మీద చెయ్యి పెట్టుకుని (జుట్టు అడ్డం లేదు కాబట్టి ఒట్టు నేరుగా తగులుతుంది) చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్‌లో కారు కొనడమంటే ఒక్కడు చేసే పని కాదు. బండి ఓడ మీద రావాలి, అది వచ్చేలోగా కొనేవాడి చుట్టాలందరూ షోరూమ్ సోఫాలో కూర్చుని టీ తాగి వెళ్లాలి. ఆ టీలు అందించే కొత్త సేల్స్‌మన్‌ని నేనే. ప్రొబేషను గట్టెక్కితే ఉద్యోగం, లేకపోతే బతు బస్తీ పేటలో మా నాన్న కొట్టులో సిమెంటు బస్తాలు మొయ్యడం.

అలాంటప్పుడు చెన్నై నుంచి ట్రైనర్ దిగాడు. అంత ఉక్కలోనూ టై విప్పకపోవడంతో మేం టై సారు అని పేరు పెట్టుకున్నాం. తలుపు తియ్యగానే నమస్కారం, తర్వాత "మీ కలల కారు ఏది?", తర్వాత బడ్జెట్టు, ఆపైన ఎనభై స్పీడులో టెస్ట్ డ్రైవ్. వరస తప్పకూడదు. "సార్, ఇక్కడ ఎనభైలో పోతే సముద్రంలో తేలతాం" అన్నాను. "స్క్రిప్టులో ఎనభై ఉంది" అన్నాడాయన.

ఆయన విమానం ఎక్కాక ఓ వారం బుద్ధిగా పాఠం ఒప్పజెప్పాం. తర్వాత ఎవరి దారిన వాళ్లం పడ్డాం. అది ముందే ఊహించినట్టున్నాడు, దొంగ కస్టమర్‌ని పంపిస్తామని కబురు పెట్టాడు. అంటే కొనడానికొచ్చినట్టు నటించి మాకు మార్కులు వేసి పోయే మనిషి. మా మేనేజరు భయ్యా నవ్వేశాడు. "అరే, ఈ ద్వీపంలో కొత్త ముఖం దాగుతుందా?" ఇక సముద్రం దాటొచ్చిన మెయిన్‌లాండ్ ముఖం కనబడితే చాలు, పాఠం మొదలు. ఒకాయన బాత్రూమ్ ఎక్కడని అడగడానికి వస్తే, ఆయన కలల కారు ఏదో కనుక్కుని, అందులో చాతం రేవు దాకా తిప్పి తెచ్చి అప్పుడు చూపించాం బాత్రూమ్. (పాపం, దిగేసరికి ఆయనకి కలలేవీ మిగల్లేదు.)

ఓ మధ్యాహ్నం మా తెలుగు చర్చిలో సండే స్కూలు నడిపే టీచరమ్మ వచ్చింది. అన్నిటికంటే పెద్ద బండి మీద చెయ్యి వేసి, "ఇదెంతరా?" అంది.

"మీకెందుకు టీచరమ్మా ఇది? మీ సందులో తిరగదు. రివర్సు తీస్తే పక్కింటోళ్ల కోళ్ల గూడు పోద్ది."

"మరేది కొనమంటావు?"

"చిన్నది. అదీ ఇప్పుడొద్దు, వచ్చే ఓడలో తెల్లది దిగుద్ది. ముందు టీ తాగండి."

"అందరికీ ఇలాగే చెబుతారా?"

"లేదు, మెయిన్‌లాండోళ్లకి వేరే పాట ఉంది."

"అది నాకు పాడవేం మరి?" అంది, టీ ఊదుకుంటూ.

పది రోజుల్లో టై సారు మళ్లీ దిగాడు. దొంగ కస్టమరు టీచరమ్మేనట. కంపెనీ ఈసారి ఊళ్లో మనిషినే పట్టింది. "నీకు సున్నా. కలల కారు అడగలేదు, బడ్జెట్టు అడగలేదు, పైగా కొనొద్దన్నావు. నిన్నెందుకు ఉంచాలి?"

"తీసెయ్యండి సార్" అన్నాను. "మీరు విమానం ఎక్కి పోతారు. సందులో బండి ఇరుక్కుంటే ఆదివారం చర్చిలో ఆవిడ మొహం చూడాల్సింది నేను. మీ పాఠం మా దగ్గర వారం నిలబడింది. నేను మాట్లాడిన పద్ధతి మా నాన్న కొట్టు తెరిచినప్పటి నుంచీ నిలబడే ఉంది."

భయ్యా గొంతు సవరించుకున్నాడు. "సార్‌జీ, వీణ్ణి తీసేస్తే టీచరమ్మ ఊరుకోదు. తెల్లబండికి పొద్దున్నే పేరు రాయించుకుని పోయింది."

టై సారు మొదటిసారి టై వదులు చేసుకున్నాడు. నన్ను తీసెయ్యలేదు. ఆ మర్నాటి నుంచి రోజూ షట్టరు ఎత్తకముందు మాలో ఒకడు కస్టమరయ్యేవాడు, మిగతావాళ్లం అమ్మేవాళ్లం. మొదటి ప్రశ్న కలల గురించి కాదు, "బండి ఎక్కడ నిలబెడతారు?" అని. అదొక్కటీ ఎవరూ మర్చిపోలేదు. ఇప్పుడు నేను నేర్పే పిల్లలూ అదే అడుగుతున్నారు.

ఒట్టేశాను కాబట్టి ఒకటి చెప్పి తీరాలి. నాకు సున్నా రాలేదు, రెండు మార్కులొచ్చాయి. నమస్కారానికి. టీచరమ్మని చూడగానే చేతులు వాటంతటవే జోడయ్యాయి, నేనేం చేసేది? కానీ కంపెనీ పాఠంలో నాకు రెండు మార్కులొచ్చాయంటే నాలో ఉన్న ఆనాటి కుర్రాడు ఇప్పటికీ ఒప్పుకోడు. వాణ్ణి ఒప్పించాలని నాకూ లేదు.