జాంబెజీ మీద శెనక్కాయ చేని కేక

ఆ కాలంలో మా ఉరవకొండ పక్క పిల్లలకు ఏరంటే ఇసుక, పడవంటే పుస్తకంలో బొమ్మ. నీళ్ళ సంగతి అంతంతమాత్రమే గానీ, అరవడంలో మాత్రం మేము ఎవరికీ తీసిపోము. శెనక్కాయ చేను కాయ పట్టే రోజుల్లో పొద్దుగూకగానే అడవి పందులు దిగేవి. మా నాయన నన్ను మంచె ఎక్కించి, చేతికి ఒక నూనె డబ్బా, ఒక కట్టె ఇచ్చేవాడు. డబ్బా మోతకు పందులు అలవాటు పడతాయి గానీ మనిషి గొంతుకు పడవు అనేది ఆయన సిద్ధాంతం. "కడుపులోనుంచి అరువురా. గొంతులోనుంచి అరిస్తే పందులు నవ్వుతాయి" అనేవాడు. (పంది నవ్వితే ఎట్లుంటుందో ఆయనే చూసి ఉండాలి.) నా కేక మీద ఆయనకెంత నమ్మకమంటే, నేను కాలేజీకి పోతానన్నప్పుడు ఆయన దిగులంతా చేను గురించే.

అలాంటి నేను ఎనభైల మొదట్లో జాంబియాకు పోయి, జాంబెజీ నది ఒడ్డున ఒక చిన్న ఊరి బడిలో లెక్కల టీచరుగా చేరాను. అక్కడ తేలిందేమిటయ్యా అంటే, నాకు గొంతు లేదు. తెలుగులో పందుల్ని తరిమిన గొంతు, ఇంగ్లీషు నోట్లోకి రాగానే పిల్లిలా మంచం కిందికి దూరేది. వెనక బెంచీ పిల్లలు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వినేవారు, పాపం, మంచి పిల్లలు. మా ప్రిన్సిపాలమ్మ నిలువెత్తు మనిషి. ఆమె తన గదిలో నవ్వితే స్టాఫు రూములో టీ కప్పులు కదిలేవి. ఒక రోజు నన్ను పిలిచి, "మీకు లెక్కలు బాగా వచ్చు. కానీ ఆ సంగతి మొదటి బెంచీకి మాత్రమే తెలుసు. ఈ టర్ము చివరికి మీ గొంతు వెనక గోడదాకా చేరకపోతే, మీ కాంట్రాక్టు పొడిగించమని నేను రాయలేను" అని మెత్తగానే చెప్పింది.

ఉద్యోగం పోతే తిరిగి మా ఊరికే పోవాలి. అక్కడ మా నాయన "మావాడు ఆఫ్రికాలో అయివారు" అని కనపడిన వాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు. అది తలచుకుంటే భయంతో గొంతు ఇంకా సన్నబడేది. నాతోపాటు ఉండే ధర్మవరం అన్న (సైన్సు చెప్పేవాడు, మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాడు కాబట్టి ఆయన పాఠం పక్క క్లాసుకు కూడా అయిపోయేది) "ఏమప్పా, నీ గొంతు ఊర్లోనే కుదువ పెట్టొచ్చినావా?" అని రోజూ అడిగేవాడు.

టర్ము సగంలో ఒక శనివారం సాయంత్రం ప్రిన్సిపాలమ్మ టీచర్లందరినీ నదిమీద పడవ షికారుకు తీసుకుపోయింది. పొద్దు మునిగేవేళ జంతువులు నీళ్ళకు వస్తాయి, వాటిని చూడడానికి దొరలూ దొరసానులూ ఎక్కడెక్కడినుంచో వస్తారు, మా పడవలోనూ కొందరున్నారు. ఆ నది వెడల్పు చూసి నాకు నోట మాట రాలేదు. ధర్మవరం అన్నకు వచ్చింది. "ఇన్ని నీళ్ళు ఊరికే పోతాండాయి గదప్పా. అడిగే దిక్కే లేదా?" నీటిగుర్రాలు చెవులాడిస్తున్నాయి, ఇసుక మీద మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని పడుకున్నాయి. నేను మాత్రం ప్రిన్సిపాలమ్మ కంట పడకుండా పడవ చివర ఒదిగి కూర్చున్నాను.

ఇంతలో ఒడ్డుకు ఏనుగుల మంద దిగింది. పడవవాడు ఇంజను ఆపేశాడు. కెమెరాలు టకటకమన్నాయి. నీళ్ళు తాగాక పెద్ద ఏనుగు పక్కకు తిరిగింది. అక్కడ ముళ్ళకంప వెనక చిన్న మొక్కజొన్న చేను. చేని గట్టున ఒక ముసలమ్మ డబ్బా వాయిస్తోంది, ఏనుగులు వింటే గదా. "అది మా పెద్దమ్మ చేను" అన్నాడు పడవవాడు, లేచి నిలబడి. దొరసానులు ఎంత అందం, ఎంత అందం అంటున్నారు. నాకు అందం కనపడలేదు. కండె పట్టిన చేను కనపడింది, దానివైపు నడుస్తున్న ఏనుగు కనపడింది.

ఏనుగు కంప మీద కాలు పెట్టింది. నేనెప్పుడు లేచానో నాకు తెలియదు. పక్కనున్న ఐసు బకెట్టు ధర్మవరం అన్న ఒళ్ళో బోర్లించి, దాన్ని కుర్చీ కోడుకేసి బాదుతూ కడుపులోనుంచి అరిచాను. "ఓహోయ్, నీ ఇల్లు బంగారం గాను, మా శెనక్కాయ చేన్లో నీకేం పనే, పో ఆడికి!"

అది మొక్కజొన్న అనీ, ఆ ఏనుగుకు తెలుగు రాదనీ తరువాత తోచింది. ఏనుగు చెవులు విప్పి నేరుగా నన్నే చూసింది. నా గొంతు మాత్రం వణకలేదు. ఇంకో కేక వేశాను. ధర్మవరం అన్న ఒళ్ళో ఐసు దులుపుకుంటూ లేచి గొంతు కలిపాడు. ఏనుగు కంప మీదినుంచి కాలు తీసింది, తొండం ఊపింది, వెనక్కి తిరిగింది. మందంతా దుమ్ము లేపుకుంటూ దానివెంట పోయింది. ఒడ్డున ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి నాలుక ఆడిస్తూ కూత వేసింది, పడవవాడు హారను మోగించాడు.

ఒక ఎర్రమొహం దొర మాత్రం "మేమొచ్చింది చూడడానికి, తరమడానికి కాదు" అని గొణిగాడు. ప్రిన్సిపాలమ్మ లేచి నావైపే వచ్చింది. అయిపోయింది నా పని అనుకుని, "సారీ మేడమ్" అన్నాను. అది ఇంగ్లీషు కదా, గొంతు మళ్ళీ మంచం కిందికి దూరింది.

ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏమన్నారు? వినపడలేదు" అంది. తరువాత పడవ ఊగేలా నవ్వింది. "ఈ గొంతు పెట్టుకుని పిల్లలకు గుసగుసలు చెబుతున్నారా? సోమవారం నుంచి వెనక బెంచీలో ఏనుగులు కూర్చున్నాయనుకోండి."

అనుకున్నాను. సోమవారం త్రిభుజాల పాఠం కడుపులోనుంచి చెప్పాను. వెనక బెంచీ పిల్లలు చెవుల దగ్గరనుంచి చేతులు తీసేశారు, ముందు బెంచీ పిల్లలు చెవులు మూసుకున్నారు. మధ్యాహ్నానికి ప్రిన్సిపాలమ్మ తన గది తలుపు తానే మూసుకుంది. కాంట్రాక్టు పొడిగించారు. ముసలమ్మ పంపిన మొక్కజొన్న కండెలు నేనూ ధర్మవరం అన్నా కాల్చుకుని తిన్నాం. సెలవులకు ఇంటికొచ్చి ఈ కథంతా చెబితే, మా నాయన ఏనుగుల గురించి ఒక్క ముక్క అడగలేదు. "కడుపులోనుంచే అరిచినావు గదా?" అన్నాడు. అవునన్నాను. తలాడించి, పక్కింటాయనకు చెప్పడానికి లేచి పోయినాడు.

ఇప్పుడు రిటైరై అనంతపురంలో ఉంటున్నాను. బెంగళూరు నుంచి మనవడు ఫోను చేసి, "తాతా, ఏం చెప్తున్నావో వినపడటం లేదు, గట్టిగా మాట్లాడు" అని విసుక్కుంటాడు. నాకు కోపం రాదు. "మాట్లాడతా గానీ నాయనా, ఏనుగుల్ని యాడ తెచ్చేది?" అంటాను. అది కూడా వానికి వినపడదు.