నాలుగు జానల రైలు

మా హోటల్ రిసెప్షన్ బల్ల మీద చిన్న క్రిస్మస్ చెట్టు, దాని చుట్టూ తిరిగే బొమ్మ రైలు పెట్టమన్నారు మేనేజర్. నేను బల్లను జానతో కొలిచి, పట్టాల చుట్టు వెడల్పు నాలుగు జానలు దాటకూడదని చెప్పి ఎలక్ట్రీషియన్ యాదయ్యను శంషాబాద్ బజారుకు పంపాను.

తీరా బిగించాక పట్టాలు బల్ల అంచు దాటి బెత్తెడు బయటికొచ్చాయి. రైలు అక్కడికి రాగానే కిందికి వంగుతున్నాయి. మేనేజర్ కారు అప్పుడే గేటు దాటి లోపలికొచ్చింది.

"నాలుగు జానలన్నాను కదా, యాదయ్యా!"

"కొలిచే తెచ్చిన అక్కా, జర సూడు" అంటూ అరచెయ్యి చాపాడు. నా చేతి పక్కన అది చేటంత ఉంది.

తలుపు తెరుచుకుంది. యాదయ్య గబుక్కున ఆ చేటనే పట్టాల కింద ఆనించాడు. రైలు దాని మీదుగా సాఫీగా సాగిపోయింది.

"సైజు భలే కుదిరిందే! పండగ దాకా రైలు ఆపొద్దు" అన్నారు మేనేజర్.

యాదయ్య చెయ్యి తీసే ఉపాయం ఎవరికైనా తెలిస్తే త్వరగా చెప్పండి.