మా బావ నమ్మని కబురు

మా వైపు బస్సుల్లో కిటికీ షట్టర్లు వానాకాలం కిందికి దిగవు, ఎండాకాలం పైకి లేవవు. దీని గురించి డిపో మేనేజరుకు రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికీ అదే జవాబు వచ్చింది.

అలాంటి బస్సులోనే ఒక మధ్యాహ్నం, సగం దిగి ఇరుక్కుపోయిన షట్టరు మోచేతికి గీసుకుంటుంటే, మా బావ కడుపులోంచి తీసిన ఒక ముక్కను ప్లాస్టిక్ సీసాలో పెట్టుకుని పొదిలి నుంచి గుంటూరు వెళ్ళాను. ఆ రోజుల్లో అంతే. కోసేవాళ్ళు పొదిలిలో ఉండేవాళ్ళు, పరీక్ష చేసేవాళ్ళు గుంటూరులో ఉండేవాళ్ళు, మధ్యలో మొయ్యడానికి బంధువులు ఉండేవాళ్ళు.

"ఏంది మాస్టారూ, పచ్చడా? నూనె కారిందంటే పక్కోళ్ళు గోల చేస్తారు" అన్నాడు కండక్టరు, నా ఒళ్ళోని సంచీ చూసి.

"పచ్చడి కాదు, మా బావ" అన్నాను.

నవ్వి టిక్కెట్టు చింపాడు.

బావ అంటే మా అక్క మొగుడు. పొదిలి పక్క పల్లెలో పత్తీ మిరపా వేసేవాడు. నేను గుంటూరు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. బావా బావమరుదులు ఒకరితో ఒకరు నిజం మాట్లాడుకోవడం మా వైపు మర్యాద కాదు. ఒకసారి పెళ్ళివారు నన్ను చూసుకోవడానికి వస్తున్నారని బావ కబురంపితే, ఇస్త్రీ చొక్కా వేసుకుని సాయంత్రం దాకా వాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు. "నువ్వు చొక్కా మార్చి ఎన్నాళ్ళయిందో అని" అన్నాడు బావ. దానికి బదులుగా నేను చేసినవి ఇక్కడ రాయను. మా అక్క ఇంకా బతికే ఉంది.

రెండేళ్ళుగా బావకి గజ్జల్లో పేగు జారుతుండేది. తువ్వాలు మడిచి బిగించి కట్టుకునేవాడు. ఉబ్బితే అరచేత్తో లోపలికి నెట్టి, మళ్ళీ మందుడబ్బా వీపుకి తగిలించుకుని చేలోకి దిగేవాడు. ఆపరేషనంటే పత్తి తీతలు కానీ అనేవాడు. అవి అయితే మిరప కోతలు కానీ అనేవాడు. చివరికి నేనే వెంటపడి ఒప్పించాను. "గోతాం మూతి కుట్టినట్టు కుడతారు బావా, అరగంట పని" అన్నాను.

రెండు గంటలు పట్టింది. డాక్టరు బయటికొచ్చి, "మీరు చదువుకున్నవారు కాబట్టి చెబుతున్నాను" అన్నాడు. మా ఇంట్లో చదువు వల్ల ఒరిగింది అదొక్కటే. జారిన పేగును సర్దుతుంటే దాని పొర మీద గింజల్లా కనిపించాయట. అక్కడి నుంచి తీసిందే ఆ సీసాలోని ముక్క.

వారానికి కాగితం వచ్చింది. ల్యాబు మెట్ల మీద నిలబడి చదివాను. ఒక పేజీ ఇంగ్లీషులో నాకు తెలియని మాటలు పదిహేను దాకా ఉన్నాయి. తెలిసింది ఒకటే. కాన్సర్. పొదిలి డాక్టరుకు ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేస్తే, "ఈ వారంలోనే హైదరాబాదు తీసుకెళ్ళండి. కోతలు, కల్లాలు అని కూర్చోవద్దు" అన్నాడు.

పల్లెకి వెళ్ళి అక్కకి ముందు చెప్పాను. పమిట నోట్లో కుక్కుకుని, "నువ్వే చెప్పరా, నా వల్ల కాదు" అంది.

బావ కల్లంలో ఉన్నాడు. ఎర్రగా పరిచిన మిరపకాయల పక్కన పీట వేసుకుని, రంగు పోయిన తాలుకాయల్ని ఏరి పక్కన పడేస్తున్నాడు. దారి పొడవునా మాటలు పేర్చుకుంటూ వచ్చాను. అతని మొహం చూడగానే అన్నీ పోయి, అలవాటైన గొంతే వచ్చింది.

"బావా, హెర్నియాతో పాటు ఇంకొకటి ఉచితంగా ఇచ్చారు."

"ఏందిరా అది?"

"కాన్సరంట. హైదరాబాదు వెళ్ళాలి, రేపే."

బావ ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తర్వాత కుట్లు పట్టుకుని మరీ నవ్వాడు. "ఒరేయ్, ఈసారి కథ బాగా కట్టావురా! ఇదిగో, విన్నారా, నాకు కాన్సరంట!" అని తాలు ఏరుతున్న ఆడవాళ్ళకి కూడా చెప్పాడు. వాళ్ళూ నవ్వారు.

"అక్క మీద ఒట్టు బావా."

"పెళ్ళివారొస్తన్నారని నేనూ మీ అక్క మీదే ఒట్టేశా. పోరా, కాయ గుంటూరు యార్డుకి తోలి అమ్మాక చూద్దాం."

కాగితం చూపించాను. ఇంగ్లీషు మాస్టారికి ఇంగ్లీషు కాగితం పుట్టించడం ఎంతపని అన్నాడు. మళ్ళీ చెప్పాలని మూడుసార్లు నోరు తెరిచాను. తెరిచినప్పుడల్లా అతను ముందే నవ్వేవాడు. చివరికి ఊళ్ళోని ఆరెంపీ డాక్టరు ఆ కాగితం చదివి బావ కళ్ళలోకి చూడలేక తల దించుకున్నాడు. అప్పుడు నమ్మాడు. అప్పటికి నాలుగు వారాలు గడిచాయి. పొట్టలో నీరు చేరింది.

హైదరాబాదులో పెద్ద డాక్టరును, నెల ముందు వచ్చి ఉంటే అని అడగబోయాను. నేను వాక్యం పూర్తి చెయ్యకముందే, "అప్పుడైనా పెద్ద తేడా ఉండేది కాదేమో" అన్నాడు. ఆ వాక్యం చివరి 'ఏమో' లేకుండా చెబుతాడని కాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాతి పేషంటును పిలిచారు.

మిరప నారు పోసే రోజుల్లో బావ పోయాడు.

పెదకర్మ నాడు అందరి భోజనాలయ్యాక అక్క నాకు విస్తరి వేసింది. మా ఇద్దరి వేళాకోళాల్లో ఎన్నడూ కలగజేసుకోని మనిషి. అన్నం వడ్డించి, పప్పు గిన్నె చేతిలోనే పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఆ రోజు కల్లంలో ఒక్కసారి ఏడ్చుంటే నమ్మేవాడురా" అంది.