వేపరెమ్మ వేసిన రాగిగంజి

1985 మే 14, మంగళవారం, ఉదయం పది గంటలు. కుందుర్పి దాపున ఉన్న ఆ పల్లెలో అప్పటికే వడగాలి వీచుచున్నది. బడి ఉపాధ్యాయుడనైన నేను కరువు గంజి కేంద్రమునకు వెళ్లి, అచట వంట చేయు హనుమక్కను మొదటిసారి చూచితిని. అందరికీ గంజి పోయుచున్నను ఆమె చూపు వీధి చివరి ఇంటిమీదనే ఉన్నది.

"రామాంజినమ్మ ఇంట్లో రెండు దినాలాయ పొయ్యి ఎలగక, అయ్యోరా. ఆడ ఏడాది బిడ్డ ఉండాది" అన్నది.

భర్త పనికై వలసపోగా ఒంటరిగా మిగిలిన రామాంజినమ్మ, ఒకరి ముందు గిన్నె చాపుటకంటె చావు మేలనుకొను మనిషి. హనుమక్క కుండతో బయలుదేరగా నేనును వెంట నడిచితిని. మూసి ఉన్న తలుపును హనుమక్క తట్టినది. లోపల బిడ్డ నీరసముగా మూలుగుచున్నాడు.

"గంజి తెచ్చినావా? నేనేమన్నా అడుక్కుతినేదాన్నా? పో!" అన్నది రామాంజినమ్మ లోపలినుండి.

హనుమక్క వాకిటిలోని వేపరెమ్మ త్రుంచి కుండలో వేసినది.

"గంజి గాదే, మారెమ్మకు పోసిన అంబలి. మంగళవారం పూట గడపకాడికొచ్చినదాన్ని తిప్పి పంపుతావా? పంపు, ఆ యమ్మకు నువ్వే జవాబు చెప్పుకో!"

లోపల బిడ్డ మూలుగు ఆగిపోయినది. ఎంతసేపటికో గడియ తీసిన చప్పుడైనది. రామాంజినమ్మ వేలితో గంజి బిడ్డ నాలుకకు రాచి, తానును రుచి చూచినది.

"అమ్మవారికి గూడా ఉప్పు తక్కువేస్తావా, హనుమక్కా?"

ఆ వేసవి అంతయు ఆ ఇంటికి వేపరెమ్మతోనే గంజి వెళ్లినది. బిడ్డ బ్రతికినాడు. వానలకు తండ్రి తిరిగి వచ్చినాడు. మరుసటి ఏడు రామాంజినమ్మ అదే కేంద్రములో వంటకు చేరినది.